సాక్షి సంతకం

డాలస్ దగ్గర ఒక ఫైర్ స్టేషన్‌లో, శనివారం పొద్దున్నే, ఫైరింజన్ల పక్కన మడత బల్లలు వేశారు. రాంగోపాల్‌పేట్‌లో పుట్టి పెరిగిన ఆమె అక్కడికి వీలునామాల మీద సాక్షి సంతకం పెట్టడానికి వెళ్లింది. లాయరు కాదు. సాక్షికి లా డిగ్రీ అక్కర్లేదు.

ఎదురుగా ఒక ఫైర్‌మన్, అతని భార్య. లాయరు ఒక్కొక్కటే అడుగుతూ లాప్‌టాప్‌లో నింపుతోంది. ఇల్లు, కారు చకచకా అయిపోయాయి. మీరిద్దరూ లేకపోతే పిల్లల్ని ఎవరు పెంచాలి అన్నచోట ఆగింది. అతను అన్న పేరు చెప్పాడు. భార్య తల అడ్డంగా ఊపింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి అతనే మరదలి పేరు చెప్పి, భార్య చెయ్యి పట్టుకున్నాడు. గంటలో కాగితాలు చేతికొచ్చాయి. స్పృహ లేని స్థితిలో పడితే వైద్యం గురించి ఎవరు నిర్ణయించాలో కూడా వాటిలోనే ఉంది. ఇద్దరికీ పైసా ఖర్చు లేదు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో 343 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోయాక, సౌత్ కరోలినా లాయరు ఆంథొనీ హేస్ మొదలుపెట్టిన 'విల్స్ ఫర్ హీరోస్' అనే ఉచిత వీలునామాల కార్యక్రమం ఇది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో నడుస్తోంది.

సంతకం పెడుతుంటే ఆమెకు రాంగోపాల్‌పేట్‌లోని మినిస్టర్ రోడ్డు గుర్తొచ్చింది. 2023 జనవరి 19న అక్కడ డెక్కన్ మాల్ గంటల తరబడి తగలబడుతుంటే, ఆ పొగలోకి నిచ్చెనలెక్కిన వాళ్లను ఆమె ఇక్కడ ఫోన్‌లో చూసింది. వాళ్లలో వీలునామా రాసినవాళ్లు ఎందరు?

ఆ ఏడాదే ఊరెళ్లినప్పుడు, కొడుకు వీలునామా రాశాడా అని పక్కింటి పిన్నిని అడిగింది. పిన్ని కొడుకు ఫైర్ సర్వీసులోనే ఉన్నాడు.

"బ్యాంకులో నామినీగా కోడలి పేరుందిగా, ఇంకెందుకమ్మా?"

బ్యాంకు నామినీ డబ్బు తీసుకునే మనిషే కాని, సొంతదారు కాదు. హిందువులకు 1956 వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా మగవాడు పోతే అతని సొంత ఆస్తి భార్యకు, పిల్లలకు, తల్లికి సమానంగా వెళ్తుంది.

"తండ్రికి?" పేపరు దించి అడిగాడు బాబాయి.

వాళ్లలో ఒక్కరున్నా తండ్రికి వాటా లేదు. కోడలి సంగతి ఇంకా కష్టం. భర్త పోయాక, పిల్లలు లేకుండా, వీలునామా రాయకుండా ఆమె కూడా పోతే, ఆమె సొంతంగా సంపాదించుకున్నది ముందు భర్త వారసులకే చేరుతుంది. కన్నవాళ్ల వంతు ఆ తర్వాతే. రెక్కల కష్టం ఎవరికి చెందాలో ఆమె చెప్పుకోవాలంటే వీలునామా ఒక్కటే దారి.

అందుకు స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తే, వాళ్లూ చేస్తే చాలు. 1987 న్యాయ సేవల చట్టం కింద, ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయ సాయం అందుతుంది. కోడలు హక్కుగా అడగొచ్చు. జీతం పరిమితి దాటిన కొడుక్కి మాత్రం ఆ హక్కు లేదు. మంటల్లోకి వెళ్లేది అతను. న్యాయ సేవల సంస్థ లాయర్లు నెలకొక పూట ఫైర్ స్టేషన్లలో, పోలీస్ స్టేషన్లలో కూర్చుంటే ఈ లోటు తీరుతుందని ఆ సాక్షి సంతకం పెట్టినామె గట్టిగా నమ్ముతోంది.

పిన్ని ఇంకేమీ అనలేదు. బాబాయి కొడుక్కి ఫోన్ చేశాడు. "డ్యూటీ దిగి వచ్చేటప్పుడు నమ్మకమైన వాళ్లిద్దర్ని వెంటబెట్టుకురా. కోడలిది కూడా రాయించాలి."