మూరెడు రేకు

మా వ్యాగనార్ ఎడమ పక్కన, వెనక చక్రం పైన, మూరెడు రేకు ఉండేది. దాని ఖరీదు 45 వేలని నాకు 2024లో తెలిసింది. కొనడానికి కాదు, అది ఒకసారి సొట్టపడి బాగైనందుకు బండి ధరలో కోత.

2021లో నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక ట్రాలీ ఆటో పక్కనుంచి వచ్చి గుద్దింది. నాన్న నడుపుతున్నాడు. ఎవరికీ ఏం కాలేదు. వెనక డోరు, దాన్నానుకుని ఉన్న క్వార్టర్ ప్యానెల్ లోపలికి పోయాయి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి కంపెనీ సర్వీస్ సెంటర్లోనే చేయించాం. నో క్లెయిమ్ బోనస్ పోయింది గానీ బండి శుభ్రంగా తిరిగొచ్చింది. తర్వాత మూడేళ్ళూ ఒక్క చుక్క నీరు కారలేదు, ఒక్క చప్పుడు రాలేదు.

అమ్మ మోకాలి ఆపరేషన్‌కి డబ్బు కావాల్సొచ్చి అమ్మకానికి పెట్టాం. చిక్కడపల్లిలో మా సందులోకి వచ్చిన కుర్రాడు ఇంజన్ కూడా వినకముందే జేబులోంచి చిన్న మీటరు తీశాడు. రంగు మందం కొలుస్తుందది. ఫ్యాక్టరీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లుంటుంది. బానెట్ మీద 110 చూపించింది. ఎడమ వెనక డోరు 240. ప్యానెల్ మీద 600 దాటింది.

"అంకుల్, ఇక్కడ లప్పం ఉంది."

"ఉంది బాబూ, నేనే చెప్దామనుకున్నా," అని నాన్న బిల్లుల ఫైలు తెచ్చాడు. కుర్రాడు దాన్ని తెరవలేదు. 45 వేలు తగ్గించి చెప్పాడు. అతను వెళ్ళాక నాన్న చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాడు. "నేనేమన్నా దాచానా?" అని అడిగాడు, నన్ను కాదు, ఎవర్నో.

కుర్రాడి భయంలో కొంత న్యాయం ఉంది. డోరు బోల్టులతో బిగించేది, ఊడదీసి మార్చొచ్చు. క్వార్టర్ ప్యానెల్ బాడీకి వెల్డింగై ఉంటుంది. అక్కడ లప్పం ఉందంటే దెబ్బ లోపల పిల్లర్ దాకా, ఛాసిస్ దాకా వెళ్ళిందేమో అన్న అనుమానం. అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియకపోతే మంచి బండికి కూడా చెడ్డ ధరే పలుకుతుందని జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే రాశాడు, అదీ సెకండ్ హ్యాండ్ కార్ల గురించే. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ఎకానమీ చదివేవాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆయనకి 2001లో నోబెల్ వచ్చింది.

అదే 2001లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర సుప్రీంకోర్టు మాబ్రీ కేసులో, రిపేరు చేయించినా బండి విలువ తగ్గితే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ తరుగు కూడా లెక్కగట్టాలంది. మన పాలసీ తిరగేస్తే, చెల్లించనివాటిలో మొదటే ఉంటాయి కాన్సిక్వెన్షియల్ లాస్, డిప్రిసియేషన్. జీరో డెప్ తీసుకున్నా అది మార్చిన పార్టుల మీద కోత వరకే. ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి పడే 50 శాతం కోత మాఫీ అవుతుంది, అంతే. అమ్మేటప్పటి కోత మనదే. పైగా క్లెయిమ్ చేసినవాడికి రికార్డు కూడా మిగులుతుంది. రోడ్డు పక్క డెంటర్‌కి చేతిలో నోట్లు పెట్టి చేయించుకుంటే ఆ కాగితమూ ఉండదు. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

చివరికి అశోక్‌నగర్‌లో మెస్ నడిపే ఒకాయన వచ్చాడు. ఫైలు మొత్తం చదివాడు. గుద్దిన రోజు ఫోటోలు అడిగి చూశాడు. తర్వాత బండిని తనకి తెలిసిన మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించాడు. మెకానిక్ టార్చి వేసి కింద అంతా చూసి, "ఛాసిస్‌కి ఏం కాలే అన్నా, పై రేకే," అన్నాడు. 20 వేలు తగ్గించి కొన్నాడు. మిగతా 25 వేలు ఆ లిఫ్ట్ మీద పది నిమిషాల్లో వెనక్కొచ్చాయి.

తాళాలతో పాటు నాన్న ఫైలు కూడా ఇవ్వబోయాడు.

"ఎందుకు సార్, ఆర్సీ, ఇన్సూరెన్స్ చాలు కదా."

"ఉంచండి. రేపు మీరు అమ్మేటప్పుడు అడుగుతారు," అన్నాడు నాన్న.