రోజూ కొంచెమే ఎందుకిస్తారో తెలుసా?

ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్‌కి రేడియేషన్ ఇవ్వాలని డాక్టరుగారు చెప్పగానే మన ఆడవాళ్లకి వచ్చే మొదటి సందేహం ఒకటే. "అదేదో ఒక్కసారే ఇచ్చేయకూడదా? వారాల తరబడి రోజూ తిరగడం ఎవరివల్ల అవుతుంది?" అని. వంట, పిల్లల చదువులు, ఆటో ఖర్చులు అన్నీ కళ్లముందు కదులుతాయి కదండీ మరి! జవాబు తెలిస్తే ఆ తిరుగుడు కొంత తేలికవుతుంది. నేను చదివింది ఇంటర్ బై.పి.సి. వరకే కాబట్టి, నాకు అర్థమైన భాషలోనే చెబుతాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే సన్నని దారం ఉంటుంది. ఒక్క కణంలో ఉన్నదంతా సాగదీసి పరిస్తే సుమారు 2 మీటర్లు! దానిమీద ఉండేవి నాలుగు రకాల అక్షరాలే. కదంబమాలలో మల్లె, కనకాంబరం, మరువం, దవనం ఒక వరుసలో కట్టినట్టు అనుకోండి. ఆ వరుసే కణం ఏ పని చెయ్యాలో చెప్పే రాత. పైగా ఇది జంటమాల. ఇటు ఫలానా పువ్వుంటే ఎదురుగా అటు ఫలానా పువ్వే ఉండాలన్న లెక్క ఉంటుంది.

రేడియేషన్ ఆ మాలల్ని తెంపుతుంది. దాని కొలతని గ్రే అంటారు. చాలాకాలంగా వస్తున్న పద్ధతిలో ఒక సిట్టింగుకి 2 గ్రేలు ఇస్తారు. ఒక్క గ్రే తగిలితేనే ఒక్కో కణంలో దాదాపు 1000 చోట్ల ఒక మాల, 40 చోట్ల రెండు మాలలూ ఒకేచోట తెగుతాయట! క్యాన్సర్ కణాలే కాదు, దారిలో ఉన్న మంచి కణాలు కూడా ఆ దెబ్బ తింటాయి.

మరి మంచి కణాలు ఎలా బతికి బట్టకడతాయి? రిపేరు చేసుకుంటాయి! జంటలో ఒక మాలే తెగితే పని సులువు. ఎదురుగా ఉన్న మాలని చూసి, పోయిన పువ్వుల్ని మళ్లీ అమర్చుకుంటాయి. రెండూ ఒకేచోట తెగితేనే ప్రమాదం. దానికి ముఖ్యంగా రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, తెగిన కొసల్ని పట్టుకుని ముడివేసేయడం. ఇది చకచకా అయిపోతుంది గానీ, ముడి దగ్గర ఒకటి రెండు పువ్వులు రాలిపోవచ్చు. రెండోది నిదానంగా, నేర్పుగా చేసేది. కణం రెండుగా విడిపోయే ముందు తన డీఎన్ఏకి మరో ప్రతి తయారుచేసుకుంటుంది. ఆ ప్రతిని పక్కన పెట్టుకుని, చూసి చూసి, అదే వరుసలో కట్టుకుంటుంది. ఈ పనిలో చాలాభాగం కొద్ది గంటల్లోనే ముగుస్తుంది. రోజుకి రెండుసార్లు రేడియేషన్ ఇవ్వాల్సి వచ్చినా మధ్యలో కనీసం ఆరు గంటలు ఆగేది ఇందుకే.

క్యాన్సర్ కణానికి ఈ ఓపిక తక్కువ. మంచి కణం దెబ్బ తగలగానే ఆగి, బాగుచేసుకుని, అప్పుడు ముందుకు వెళ్తుంది. క్యాన్సర్ కణాల్లో చాలావాటికి ఆ ఆపే ఏర్పాటో, బాగుచేసుకునే ఏర్పాటో చెడిపోయి ఉంటుంది. తెగిన మాలలతోనే రెండుగా విడిపోబోయి చచ్చిపోతాయి. రోజూ కొంచెం దెబ్బ, మధ్యలో విరామం. ఆ విరామంలో మంచివి కోలుకుంటాయి, చెడ్డవి అంతగా కోలుకోలేవు. అదండీ రహస్యం!

దీన్ని మొదట పట్టుకున్నది డీఎన్ఏ సంగతులు తెలియని రోజుల్లోనే. 1920లలో పారిస్‌లో, మేరీ క్యూరీ పనిచేసిన రేడియం సంస్థలోనే ఉన్న క్లాడియస్ రెగో అనే డాక్టరు, పొట్టేళ్లకి సంతానం కలగకుండా చేసేందుకు రేడియేషన్ ఇచ్చి చూశారు. ఒక్కసారే ఇస్తే చర్మం బాగా దెబ్బతింది. కొన్ని రోజులకి పంచి ఇస్తే పనీ అయింది, చర్మమూ నిలిచింది. కణాలు డీఎన్ఏని ఎలా బాగుచేసుకుంటాయో వివరించినందుకు 2015లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

మా తోటికోడలికి 2022లో రొమ్ము ఆపరేషనయ్యాక 25 సిట్టింగులు రాశారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ నేనే వెంట వెళ్లేదాన్ని. మూడోవారానికి చర్మం నల్లబడి మంట మొదలైంది. "అక్కా, ఇక నావల్ల కాదు. ఈ వారం మానేస్తాను" అంది. అత్తయ్యగారు కూడా "పోనీలేవే, నాలుగు రోజులు ఆగితే ఏం పోతుంది?" అన్నారు. ఆ మాట డాక్టరమ్మ దగ్గర చెప్పాను. ఆవిడ విసుక్కోకుండా, "శని, ఆదివారాల విశ్రాంతి లెక్కలోనే ఉందమ్మా. అంతకు మించి ఆగితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరగడానికి మనమే అవకాశం ఇచ్చినట్టు" అని చెప్పి మంటకి మందు రాసిచ్చారు. దారిలో మా తోటికోడలికి ఈ పూలమాల కథంతా చెప్పాను. "అయితే నేను పడుకున్నప్పుడు కూడా లోపల పని జరుగుతూనే ఉందన్నమాట!" అంది. మర్నాడు పొద్దున్నే తనే ముందు తయారై కూర్చుంది. 25 సిట్టింగులూ పూర్తయ్యాయి. కొన్ని నెలలకి ఆ నలుపూ తగ్గుముఖం పట్టింది.

ఇంకొక్క మాట. నేర్పుగా కట్టే ఆ రెండో రకం రిపేరుకి కావలసిన జన్యువుల్లో బీఆర్‌సీఏ 1, బీఆర్‌సీఏ 2 అనేవి ముఖ్యమైనవి. ఇవి పుట్టుకతోనే లోపంతో వస్తే రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చే అవకాశం ఎక్కువ. తల్లివైపు నుంచే కాదు, తండ్రివైపు నుంచి కూడా రావచ్చు. మీ ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బులుంటే, లేదా చిన్న వయసులోనే ఎవరికైనా వచ్చి ఉంటే, దాచుకోకుండా డాక్టరుకి చెప్పండి. పరీక్ష అవసరమో కాదో వాళ్లు చెబుతారు.

ఇప్పుడు కొందరికి 15 సిట్టింగులే చాలంటున్నారు. ఎన్నన్నది డాక్టరు లెక్క. ఒక్కటీ తప్పకుండా వెళ్లడం మన లెక్క. పేషెంటుకి వేళకి తిండి పెట్టండి, కంటినిండా నిద్రపోనివ్వండి. చర్మం మండుతోందంటే పసుపూ, నూనెలూ రాయకుండా డాక్టరుని అడగండి. "ఊరికే పడుకుంటోంది" అని మాత్రం ఎవరూ అనకండి. ఆ సమయంలో ఆవిడ ఒంట్లో కోట్లాది కణాలు తెగిన మాలలు కట్టుకుంటూ ఉంటాయి మరి!