పీక పురుగు గుడ్డులో ఎవరున్నారు?

రోలుగుంట దాటాక దారి పొడవునా జీడిమామిడి తోటలు, పల్లపు మళ్లలో చెరకు. ఒకప్పటి విశాఖ జిల్లా మండలమే, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. ఏప్రిల్ ఎండలో చెరకు మోకాలెత్తు దాటలేదు. రైతు ఒక పిలక మొవ్వు పట్టి లాగితే ఊడి చేతికొచ్చింది, కుళ్లు వాసనతో సహా. పిలకను చీల్చి పురుగును అరచేతిలో వేశాడు. ఒంటి మీద ఐదు ఊదా చారలు ఉన్నాయి కాబట్టి పీక పురుగు. దాని దగ్గరి చుట్టం, ఎదిగిన గడల కణుపులు తొలిచేది, నాలుగు చారల మనిషి. అప్పుడే గుడ్డు పగిలి వచ్చిన పిల్ల పురుగు మీద చారలు లెక్కపెట్టడం ఎవరితరం?

ఆకు తిప్పితే చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి పరుచుకున్న గుడ్లు కనిపించాయి. కొన్ని నల్లబడ్డాయి. వాటిలో పెరుగుతున్నది పురుగు కాదనీ, ట్రైకోగ్రామా అనే అర మిల్లీమీటరు కందిరీగ అనీ చెప్పాను.

"మరైతే బాబూ, ఇయి ఆఫీసోళ్లిచ్చిన కార్డులోంచొచ్చినవా, మా సేన్లో ముందునుంచీ ఉన్నవా?" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు.

అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి ఆ ప్రశ్నతోనే వెళ్లాను. చెరకు కోసం 1913లో మొదలైన కేంద్రం ఇది. రైతు అడిగిన కార్డు ట్రైకోకార్డు, అంటే ఈ కందిరీగలు పెరిగే గుడ్లు అంటించిన అట్ట. దాని తయారీ పద్ధతి వింటే వింతగా ఉంటుంది. ముందు శత్రువునే పెంచాలి. నూక పోసిన బేసిన్లలో కోర్సైరా అనే బియ్యపు పురుగును పెంచి, దాని గుడ్లు అట్టకు అంటించి, అతినీలలోహిత కాంతిలో వాటి ప్రాణం తీసి, కందిరీగలకు అప్పగిస్తారు. మూడు నాలుగు రోజుల్లో గుడ్లు నల్లబడతాయి. వారం తిరిగేసరికి ఈగలు బయటికొస్తాయి. ఒక్క ఘన సెంటీమీటరు గుడ్లంటే సుమారు 20 వేలు!

ఈ కందిరీగ జాతి పేరు తేలడానికే దశాబ్దాలు పట్టింది. మన పుస్తకాల్లో ఇది చాలాకాలం ఆస్ట్రాలికమ్ పేరుతో చెలామణీ అయింది. బెంగళూరులో సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ మగ ఈగల జననాంగాలు సూక్ష్మదర్శినిలో పరీక్షించి, జాతిని గుర్తుపట్టడానికి అవే కీలకమని 1971లో చూపాక ఆ చిక్కుముడి విడటం మొదలైంది. మనం ఇప్పుడు కైలోనిస్ అంటున్నది ఆ ఈగనే. అయితే వోల్‌బాకియా అనే బ్యాక్టీరియా సోకిన కొన్ని ట్రైకోగ్రామా వంశాల్లో మగవే పుట్టవు. మగదే లేకపోతే దేన్ని చూసి పేరు పెట్టాలి? డీఎన్ఏ అక్కరకొచ్చేది అక్కడే. ఐటీఎస్-2 అనే ముక్క పొడవు, అక్షరాల వరస ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటాయి. పీక పురుగు లాంటి చీడలకైతే 2003లో పాల్ హెబర్ట్ ప్రతిపాదించిన బార్‌కోడ్ ఉంది: సీఓ-1 జన్యువులో సుమారు 650 అక్షరాలు. గుడ్డు దొరికినా, పురుగు కాలు దొరికినా చాలు. 2018లో కర్ణాటక మొక్కజొన్నలో కనపడ్డ కొత్త పురుగు కత్తెర పురుగేనని రూఢి చేయడానికీ ఈ పరీక్షే సాయపడింది.

పురుగు ఒంట్లో దాగిన కొటేసియా కందిరీగ పిల్లల్నీ ఇలాగే పట్టొచ్చు. పూర్వం పురుగును తెచ్చి మేపుతూ, రెక్కల పురుగొస్తుందో కందిరీగొస్తుందో కనిపెట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది, సగంలో చస్తే లెక్కా పోయేది. కానీ నన్నడిగితే పెంపకం మానకూడదు. డీఎన్ఏ దొరికిందంటే ఈగ గుడ్డు పెట్టిందనే అర్థం, బతికి బయటపడిందని కాదు. కొన్ని పురుగులు ఒంట్లో పడ్డ గుడ్డును రక్తకణాలతో చుట్టేసి చంపేస్తాయి.

ఇక రైతు ప్రశ్న. కార్డులో ఈగ, చేలో ఈగ రెండూ కైలోనిస్సే అయితే బార్‌కోడ్ రెంటికీ ఒకే పేరు చెబుతుంది. తేడా తెలియాలంటే జన్యువుల్లో ఇంకా లోతుకు, వంశాల స్థాయికి వెళ్లాలి. ఇది కేవలం కుతూహలం కాదు. 35 డిగ్రీలు దాటితే ఈ ఈగలు నీరసిస్తాయి, రోలుగుంటలో పీక పురుగు విజృంభించేదేమో సరిగ్గా ఆ ఎండల్లోనే. స్థానిక ఈగ ఆ వేడికి అలవాటు పడిందని తేలితే, అనకాపల్లి బేసిన్ల పక్కన పెంచాల్సింది దాన్నే. అందుకు ముందు రోలుగుంట చేలల్లోని నల్లబడ్డ గుడ్లు, మందు కొట్టకముందే, ఆల్కహాల్ సీసాల్లోకి చేరాలి.