జూన్ దాకా

మా ఆడబిడ్డ బిజినేపల్లి నుంచి రోజూ బస్సులో నాగర్‌కర్నూల్ వెళ్లి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. పాఠాలతో ఏ ఇబ్బందీ లేదు. కరస్పాండెంటుతోనే. పిల్లల ముందే "నీకు డిగ్రీ ఎవడిచ్చిండు" అంటాడట.

"ఇగ నాతోని కాదు వదినా, రేపే మానేస్త" అంది మొన్న ఆదివారం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"పైసలిచ్చేటోడు అనకుంట ఉంటడా" అన్నారు మా ఆయన. అదే మాట తనను ఎవరైనా అంటే రెండు పూటలు అన్నం ముట్టరు, అది వేరే సంగతి.

నేను చేరి ఎన్నేళ్లయిందని అడిగాను. జూన్‌కు ఐదు నిండుతాయట. పదిమందీ అంతకు పైనా పనిచేసే చోట ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలి, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున. 2009 సవరణతో టీచర్లకూ ఆ హక్కు ఖాయమైంది. ఆమె బేసిక్ 13,000. నెలకు 26 రోజుల లెక్కన రోజుకు 500, ఐదేళ్లకు 37,500. కాగితం మీద వేసి చూపించాను.

"అంటే నాలుగు నెలలు పడాల్నా?"

నాకు వెంటనే నోరు రాలేదు. ఆమె చిన్నకూతురు బడి ఆట ఆడుతూ బొమ్మను అదే మాట అనడం నేనూ విన్నాను.

మర్నాడు ఆమే వెళ్లి "ఏమన్నా ఉంటే ఆఫీసు రూములో చెప్పుండ్రి సార్, పిల్లల ముందు వద్దు" అందట. ఆయన మాట్లాడలేదట. అపాయింట్‌మెంట్ లెటరు, పాస్‌బుక్కు జిరాక్సులు తీయించింది. రాజీనామా కూడా రాసి బీరువాలో పెట్టింది. తేదీ మాత్రం వేయలేదు.