త్రాసు మీద రౌతు

భారతకథలో నలుడు బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుని రథం తోలుతూ, అతని వద్ద పాచికల మర్మమైన అక్షహృదయాన్ని గ్రహించాడు. ప్రతిగా తనకు తెలిసిన అశ్వహృదయాన్ని అతనికి ఇచ్చాడు. నేటి పందెపు మైదానంలోనూ ఆ రెండు విద్యలు పక్కపక్కనే ఉంటాయి. జనం చూపు పందెపు సొమ్ము మీద, రౌతు చూపు గుర్రం మీద. ఈ క్రీడ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడినదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని రౌతును జూదంతో కలిపి చూసే అలవాటు లోకానికి ఇంకా పోలేదు.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, హైదరాబాదులోని మలక్‌పేటలో పందేలు ఆరంభమయ్యాయి. మధ్యలో సికింద్రాబాద్ పరేడ్ మైదానానికి తరలి, 1968లో తిరిగి అక్కడికే చేరాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలవారు పందెం చూడగోరితే వెళ్లవలసిన చోటు అదే. అక్కడి ప్రేక్షకులకు సుపరిచితమైన పేరు సూరజ్ నర్రేడు. తండ్రి సతీష్, తండ్రి సోదరుడు మలేష్ ఇద్దరూ రౌతులుగా పేరుగాంచి, తరువాత గుర్రాలకు శిక్షకులైనవారు. అటువంటి ఇంట పుట్టిన బాలునికి గుర్రపుశాల వాసన ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. సూరజ్ వెయ్యికి మించిన పందేలు గెలిచాడు.

అయితే వంశం గుర్రమెక్కే అవకాశం ఇస్తుంది గాని, శరీరపు బరువును తగ్గించలేదు. ప్రతి గుర్రానికీ ఇంత భారమని ముందే నిర్ణయిస్తారు. బలమైన గుర్రానికి ఎక్కువ, బలహీనమైన దానికి తక్కువ. రౌతు జీనుతో సహా త్రాసు మీద కూర్చుంటాడు. తక్కువైతే సీసపు పలకలు చేర్చి సరిచేస్తారు. ఎక్కువైతే చేర్చడానికేముంది? ఆకలిని సహించడమే శరణ్యం. కొత్తగా శిక్షణ పొందే రౌతుకు మాత్రం కొంత భారం మినహాయిస్తారు. విజయాలు పెరిగేకొద్దీ ఆ మినహాయింపు తరుగుతుంది.

ఇంగ్లండుకు చెందిన లెస్టర్ పిగ్గాట్ తాత, తండ్రి ఇద్దరూ రౌతులే. అతడు 1948లో పన్నెండేళ్లకే తొలి పందెం గెలిచాడు. 1954లో పద్దెనిమిదేళ్లకు ఎప్సమ్ డెర్బీ గెలిచాడు. మొత్తం తొమ్మిది డెర్బీలు అతనివి. కాని రౌతుకు ఉండదగినదానికంటె పొడగరి. ఇంచుమించు ఐదడుగుల ఎనిమిది అంగుళాల ఆ దేహాన్ని తేలికగా నిలుపుకోవడానికి ఏళ్ల తరబడి అర్ధాకలితో గడిపాడు. 2022లో కన్నుమూశాడు.

పందెం ముగిశాక కరతాళధ్వనులు మిన్నంటుతున్నా, గెలిచిన రౌతు జీను చేతబట్టుకొని తిరిగి ఆ త్రాసు మీదికే వెళ్లాలి. తూకం సరిపోయేదాకా గెలుపు ఖరారు కాదు.