తాలు ఏరిన కాయితం

సంక్రాంతి దాటి ఉగాది వచ్చేలోపు మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో రెండు పనులు ఒకేసారి నడుస్తుంటాయి, గమనించారా? కల్లంలో మిరపకాయలు ఎండుతుంటాయి, ఇంట్లో ఫైనలియర్ పిల్లలు రెజ్యూమేలు దిద్దుకుంటుంటారు. మొదటి పనికి ఊరంతా సలహాలిస్తుంది. మబ్బు పట్టిందంటే చాలు, పట్టాలు కప్పండర్రా అని ఎవరో ఒకరు కేకేస్తారు. రెండో పనికి మాత్రం చెప్పే దిక్కుండదు. అందుకని పిల్లలు సీనియర్ని అడుగుతారు. ఆయన తన ఫైలు పంపిస్తాడు. ఆయనకి వాళ్ల సీనియరు పంపి ఉంటాడు.

ఆ ఫైలు మీరూ చూసే ఉంటారు. పైన 'కెరీర్ ఆబ్జెక్టివ్' అని ఒక వాక్యం. సవాళ్లతో నిండిన వాతావరణంలో తన నైపుణ్యాలను సంస్థ అభివృద్ధికి ధారపోస్తానని దాని సారాంశం. పర్చూరు నుంచి పిడుగురాళ్ల దాకా అదే వాక్యం. మెకానికల్ చదివిన అబ్బాయిదీ అదే, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయిదీ అదే. కింద 'స్ట్రెంగ్త్స్': హార్డ్ వర్కింగ్, సిన్సియర్, క్విక్ లెర్నర్. హాబీలు: క్రికెట్ చూడటం, పాటలు వినడం. ఆఖర్న, పైన రాసినవన్నీ నిజమేనని ఒక డిక్లరేషన్. అంతా చదివాక ఆ పిల్ల ఏం చెయ్యగలదో మీకేమన్నా తెలిసిందా?

నవ్వకండి, మనమేం తక్కువ తినలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరో హయ్యరో పాసై, కార్బన్ కాయితం పెట్టి కాపీలు కొట్టుకున్న తరం మనది. తమ కార్యాలయంలో ఖాళీలున్నట్టు విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసిందని మొదలుపెట్టేవాళ్లం. ఆ విశ్వసనీయ వర్గం ఎవరయ్యా అంటే, బస్టాండులో కనిపించిన బాబాయి. అన్నిటి మీదా గెజిటెడ్ ఆఫీసరు పచ్చ ఇంకు సంతకం ఉండాల్సిందే. ఇప్పటి డిక్లరేషనుకు ఆ భయమే మూలమని నా అనుమానం. దాంతోపాటు పెళ్లి సంబంధాల బయోడేటా కూడా ఎప్పుడో ఇందులోకి దూరింది: ఎత్తు, మతం, తండ్రి వృత్తి, పెళ్లయిందా లేదా. ప్రైవేటు కంపెనీకి అవేవీ అక్కర్లేదు, తీసెయ్యండి. ఇంటి నంబరుతో సహా పూర్తి చిరునామా కూడా అక్కర్లేదు, ఊరూ జిల్లా చాలు. జిల్లా మాత్రం సరిగ్గా రాయండి. 2022 ఏప్రిల్ 4న చిలకలూరిపేట పల్నాడులోకి, పర్చూరు బాపట్లలోకి వెళ్లినా, సీనియరు పంపిన ఫైల్లో ఇంకా పాత జిల్లాలే ఉంటున్నాయి.

అసలు సంగతికి వస్తాను. రాసినదాంతో కంటే రాయనిదాంతోనే నాకు పేచీ. యడ్లపాడు దగ్గర బీకామ్ చదివిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. రెండు సీజన్లుగా వాళ్ల మిరప చేలో కోత కూలీల లెక్కంతా ఆ అమ్మాయిదే. ఎవరెన్ని కిలోలు కోశారు, ఎవరికెంత అడ్వాన్సు వెళ్లింది, ఆటో కిరాయి ఎంత, వారానికి ఎవరికెంత రావాలి, అన్నీ ఫోన్లో ఎక్సెల్ షీటు పెట్టి రాసింది. మేస్త్రీ వచ్చి లెక్క తేడా ఉందంటే వరస చూపించి ఒప్పించింది. అదే అమ్మాయిని కంపెనీవాళ్లు "ఏమన్నా పని చేశావా అమ్మా?" అని అడిగితే, "లేదండీ, ఇంట్లో ఖాళీగానే ఉన్నాను" అంటుంది. కాయితం మీద 'క్విక్ లెర్నర్' అని ఉంటుంది.

ఖాళీగా ఉండటమేంటండీ! అది పేరోల్. ఆ అమ్మాయి రాయాల్సింది ఇట్టా ఉండాలి: 'రెండు మిరప సీజన్లలో పాతికమంది కోత కూలీల హాజరు, కాటా లెక్క, అడ్వాన్సులు ఎక్సెల్‌లో నిర్వహించి వారంవారం చెల్లింపులు చేశాను.' ఇందులో ఒక్క విశేషణం లేదు. అంకె ఉంది, పని ఉంది, ఎప్పుడు చేసిందో ఉంది. అంకె మాత్రం నిజం అంకె కావాలి. పాతికమంది ఉంటే పాతిక, పన్నెండుమందైతే పన్నెండు.

మిర్చి యార్డులో కొనేవాడు మచ్చు చూసే పద్ధతి మీకు చెప్పాలా? కాయ బ్రహ్మాండంగా ఉందండీ అని రైతు ఎంత చెప్పినా ఆయన వినడు. టిక్కీలో చెయ్యి పెట్టి అడుగునుంచి గుప్పెడు తీస్తాడు. రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు ఎంత ఉందో చూస్తాడు, అంతే, ముందుకెళ్తాడు. ముందు వందల టిక్కీలున్నవాడికి అంతకంటే తీరిక ఎక్కడిది? రెజ్యూమే చదివేవాడూ అంతే. హార్డ్ వర్కింగ్, సిన్సియర్ లాంటివన్నీ తాలు. ముందే ఏరి అవతల పడెయ్యండి.

ఇంకో కుర్రాడు సెలవుల్లో మామయ్య కమీషన్ కొట్లో గుమస్తా పని చేసుంటాడు. తేజాకీ 334కీ తేడా చూపుతోనే చెబుతాడు. హమాలీ ఎంత, కమీషన్ ఎంత పోయి రైతు చేతికి ఎంత వస్తుందో పట్టీ రాస్తాడు. కోల్డ్ స్టోరేజీలో ఏ బాండు మీద ఎన్ని టిక్కీలు ఉన్నాయో రిజిస్టరు చూసి సరిచేస్తాడు. బ్యాంకుల వ్యవసాయ రుణాల విభాగానికి, గోడౌన్ల కంపెనీలకి కావాల్సింది ఇట్టాంటి మనిషే. ఆ కుర్రాడి రెజ్యూమేలో మాత్రం ఆన్‌లైన్‌లో నాలుగు గంటల్లో వచ్చిన సర్టిఫికెట్లే ఉంటాయి, కొట్టు సంగతి ఉండదు. అడిగితే, అది ఉద్యోగం కాదు కదండీ అంటాడు. జీతం చిట్టాలో పేరు లేకపోతే పని కాకుండా పోతుందా?

పత్తి వైపూ ఇదే వరస. జిన్నింగ్ మిల్లులో ఒక సీజను గడిపినవాడికి, 8 శాతం తేమకు లోపల ఉంటే సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుందనీ, ఆ పైన 12 శాతం వరకు కోత పడుతుందనీ, అదీ దాటితే కొనదనీ తెలుసు. దూది బేలు 170 కిలోలని తెలుసు. తేమ మీటరు పట్టుకుని రోజూ బోరేలు చూసినవాడు క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ ఆ మాట రాయకపోతే ఏమనాలి?

కెమిస్ట్రీ పిల్లలకైతే మరీ చెప్పాలి. 2003లో యూరప్‌లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్ రంగు బయటపడింది. అప్పట్నుంచీ ఎగుమతికి పరీక్షలు తప్పనిసరయ్యాయి. గుంటూరులో స్పైసెస్ బోర్డు ప్రయోగశాల వచ్చింది, యడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కు వచ్చింది. యూరప్‌కి పోయే మిరపలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ బూజు విషం ఎట్టా పుడుతుందో కల్లంలో తడిసిన కాయను తిరగేసిన పిల్లకి పుస్తకం చెప్పక్కర్లేదు. ఆ రెండు తెలివిడులూ ఒకచోట ఉన్న మనిషి ఢిల్లీలోనో పుణేలోనో ఏం దొరుకుతుంది? అలాంటిది, నాన్నది వ్యవసాయం అని చెప్పడానికి మొహమాటపడి, ఆ ఒక్క ముక్కా దాచిపెడతారు!

మధ్యలో ఏడాది పోయినవాళ్లూ ఉంటారు. 2021-22లో నల్లతామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసినప్పుడు, చదువయ్యాక ఇంటికొచ్చి తండ్రికి సాయంగా నిలబడ్డ పిల్లలున్నారు. ఆ ఏడాదిని కప్పిపుచ్చడానికి తంటాలు పడకండి. 'కుటుంబ మిరప సాగు నిర్వహణ, ఇన్ని ఎకరాలు' అని సూటిగా రాయండి. ఆ పురుగుకు నీలి జిగురు అట్టలు ఎందుకు కట్టారో, మందుల ఖర్చు లెక్క ఎట్టా చూసుకున్నారో అడిగితే చెప్పగలగాలి, అంతే.

కప్పిపుచ్చడమంటే గుర్తొచ్చింది. అమీర్‌పేట వైపు కోచింగుకి వెళ్లిన పిల్లల్లో కొందరికి, లేని కంపెనీలో మూడేళ్ల అనుభవం పెట్టిస్తామనే పెద్దమనుషులు తగులుతుంటారు. వద్దు. ఇప్పుడు పీఎఫ్ యూఏఎన్ నంబరు వెనక ఎక్కడ ఎప్పటినుంచి ఎప్పటిదాకా పనిచేశారో వరసగా కనిపిస్తుంది. చేరిన ఆర్నెల్లకి వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగమూ పోతుంది, పేరూ పోతుంది. తప్పంతా పిల్లలదే అంటే మాత్రం నేనొప్పుకోను. కొత్తవాళ్లకిచ్చే జీతమిస్తూ రెండేళ్ల అనుభవం కావాలని ప్రకటన వేసేవాళ్లకీ ఇందులో వాటా ఉంది.

ఇక చిల్లర సంగతులు. కొత్తవాళ్లకు ఒక్క పేజీ చాలు. చాలా కంపెనీల్లో మనిషికంటే ముందు సాఫ్ట్‌వేరు చదువుతుంది. దానికి రెండు వరసల డిజైన్లు, బొమ్మలు, 'ఇంగ్లీషు మూడు నక్షత్రాలు' లాంటి అలంకారాలు పెడితే తికమకపడుతుంది. మామూలు అక్షరాలు, మామూలు శీర్షికలు పెట్టండి. ప్రకటనలో వాళ్లు ట్యాలీ అని రాస్తే, మీకు నిజంగా ట్యాలీ వస్తే, మీరూ ట్యాలీ అనే రాయండి. పేరు సంగతి మన తెలుగువాళ్లకి ప్రత్యేక తలనొప్పి. ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం, మధ్యలో వెంకట, సాయి, నాగ చేర్చుకుంటాం. ఫారం ఏమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అంటుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టు ఒకటే వరస పెట్టుకుని ఆధార్లో, పాన్‌లో, రెజ్యూమేలో అదే ఉంచండి.

పంపేముందు అందులో ఉన్న ఫోన్ నంబరుకు ఒకసారి మీరే రింగివ్వండి. ఇంటర్లో అడ్మిషనప్పుడు ఇచ్చిన నాన్న నంబరే చాలామంది ఇంకా రాస్తున్నారు. ఆయన చేలో ఉంటాడు. తెలియని నంబరు మోగితే పురుగుమందుల కొట్టువాడు బాకీ అడగడానికి చేశాడనుకుని కట్ చేస్తాడు. హెచ్ఆర్ అమ్మాయి రెండోసారి చెయ్యదు.