సాంచల ముందు కెమెరా

భివండి పద్మానగర్‌లో సాంచలు, అంటే మరమగ్గాలు, ఆడే కార్ఖానాలోకి అడుగు పెట్టగానే మాట ఆగిపోతుంది. పక్క మనిషికి ఏదైనా చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి, లేదంటే చేత్తో సైగ చెయ్యాలి. అందుకే మా ముచ్చటంతా మూలనున్న లెక్కల గదిలోనే సాగింది. సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె ఉన్నదీ అక్కడే, నేను చూడవచ్చిందీ దాన్నే.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందట వచ్చిన పద్మశాలీల పేట ఇది. కార్ఖానా యజమానిది సిరిసిల్ల దగ్గరి పల్లె. కెమెరాలు బిగించే కుర్రాడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు. ఒకే వాక్యంలో తెలుగు, హిందీ, మరాఠీ మూడూ కలిపేస్తాడు. యజమానిని కాకా అంటాడు.

"పక్క గోదాముల గిదే పెట్టె, గివే నాలుగు కెమెరాలు. వాళ్లు నెల ఎన్కకు పోయి చూస్తున్నరు. నాకేమో 11 రోజులకే చెరిగిపోతున్నది. ఎందుకు బిడ్డా?" కాకా ఫిర్యాదు అది.

పెట్టెలో ఉన్నది 2 టెరాబైట్ల డిస్క్. కెమెరా ఒక్కో బొమ్మను 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలతో, సెకనుకు 25 చొప్పున తీస్తుంది. ఏమీ కుదించకుండా దాస్తే ఒక్క కెమెరాకే సెకనుకు దాదాపు 78 మెగాబైట్లు. నాలుగింటికీ కలిపితే ఆ డిస్క్ రెండు గంటలు తిరక్కముందే నిండిపోతుంది. దాన్ని రోజుల్లోకి సాగదీసేది హెచ్.264, హెచ్.265 అనే ప్రమాణాలు. మొదటిది 2003లో, రెండోది 2013లో వచ్చాయి. రెంటినీ అంతర్జాతీయ టెలికాం సంస్థ, ఎంపెగ్ బృందం కలిసి తయారుచేశాయి. నాణ్యత తగ్గకుండా డేటాను సగానికి తేవాలన్నది రెండోదాని లక్ష్యం.

పని తీరు వ్యాపారి లెక్కలాంటిదే. సేఠ్ రోజూ సరుకంతా మళ్లీ లెక్కపెట్టడు. నిన్నటి నిల్వ మీద వచ్చిందీ పోయిందీ రాసుకుంటాడు, అప్పుడప్పుడూ మాత్రమే మొత్తం లెక్క చూస్తాడు. వీడియోలోనూ అప్పుడప్పుడూ ఒక పూర్తి బొమ్మ, ఆ తర్వాత తేడాలు మాత్రమే. బొమ్మను గళ్లుగా కోసి, ఈ గడి ఇందాకటి బొమ్మలో ఎక్కడుందో వెతికి, అటు జరిగింది, ఇటు జరిగింది అని రాస్తారు. హెచ్.264లో గడి 16 చుక్కల చదరం. హెచ్.265లో అది 64 దాకా పెరగొచ్చు, కావాలంటే చిన్న ముక్కలవుతుంది.

గోదాములో ఈ లెక్క హాయిగా నడుస్తుంది. పెట్టెల వరుసలు గంటల తరబడి కదలవు. మధ్యలో ఒక మనిషి నడుస్తాడు, ఒక ట్రాలీ పోతుంది, అంతే. హెచ్.265 ప్లస్ అంటూ కెమెరా కంపెనీ తగిలించిన సొంత హంగు కూడా వెనకటి దృశ్యం కదలదన్న నమ్మకం మీదే నిలబడింది.

సాంచలకు ఆ నమ్మకం చెల్లదు. కుర్రాడు తెరమీద ఒక సాంచను పెద్దది చేసి చూపించాడు. నాడె సెకనుకు రెండుసార్లకు పైగా అటూ ఇటూ పోతోంది. పడుగు పోగులు వేల సంఖ్యలో లేస్తూ దిగుతూ ఉన్నాయి. నూగు గాలిలో తేలుతోంది. పోగుల గడి పక్క బొమ్మలోని ఏ గడితోనూ సరిగ్గా కలవదు. అందుకే గోదాము కెమెరా సెకనుకు సగటున ఒకటిన్నర మెగాబిట్లతో సరిపెట్టుకుంటే, కాకా కెమెరాలు నాలుగూ తమకిచ్చిన 4 మెగాబిట్ల హద్దును రాత్రింబవళ్లు తాకుతూనే ఉన్నాయి. అప్పటికీ పోగులు తెరమీద పోగుల్లా లేవు, అలికినట్టున్నాయి.

ఇంకో మెలిక ఉంది. ప్రమాణం చెప్పేది కుదించినదాన్ని ఎలా విప్పాలన్నది మాత్రమే. ఎలా కుదించాలో కంపెనీ తెలివికే వదిలేసింది. అందువల్ల రెండు పెట్టెల మీదా హెచ్.265 అని ఒకే ముద్ర ఉన్నా బొమ్మ ఒకలా ఉండదు. కొనేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

తేడాలు రాయడంతోపాటు గడిలోని సన్నని వివరాలనూ వదిలేస్తారు. ఆ లెక్కకు మూలం డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. దాన్ని 1974లో ప్రకటించిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. అహ్మద్ బెంగళూరు మనిషి. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో దశాబ్దాలు పాఠాలు చెప్పి, 2021 జనవరిలో కన్నుమూశారు. జేపెగ్ ఫోటో నుంచి హెచ్.265 దాకా ఆ లెక్కే ఏదో ఒక రూపంలో ఉంది. ఈ సంగతి చెబితే కాకా "మనోడేనా?" అని మాత్రం అడిగాడు. ఇంటిపేరు వింటే ఎవరికైనా ఆ ప్రశ్నే వస్తుంది.

కాకాకు ఎంపెగ్ పేరు తెలియదు గానీ వీసీడీ తెలుసు. అది 1993 నాటి ఎంపెగ్-1 సరుకు. ఒక్కో డిస్క్‌లో 74 నిమిషాలు, కాబట్టి తెలుగు సినిమాకు రెండో మూడో డిస్కులు. సరిగ్గా ఫైటింగ్ మధ్యలో లేచి డిస్క్ మార్చేవాళ్లమని నవ్వాడు. ఆ బొమ్మ సైజు 352 బై 288 చుక్కలు. ఇప్పుడు పెండ్లికో చావుకో ఊరికి పోయినప్పుడు ఫోన్లో కార్ఖానా చూసుకుంటాడు. సిగ్నల్ తక్కువ ఉన్నచోట తెగకుండా ఉండాలని పెట్టె పంపే చిన్న బొమ్మ కూడా అదే 352 బై 288. అందులో పోగు కనపడదు, సాంచ ఆడుతోందా ఆగిందా తెలుస్తుంది. ఆయనకు కావలసిందీ అదే.

అది విన్నాక కుర్రాడు సెట్టింగుల్లోకి వెళ్లాడు. రెండు కెమెరాలను 2 మెగాబిట్లకు దించి, సెకనుకు 25 బొమ్మల్ని 12 చేశాడు. మిగతా రెంటినీ ముట్టుకోలేదు. లెక్కవేస్తే 15 రోజులు వచ్చింది. కాకా మొహం ఇంకా విచ్చుకోలేదు.

"సాంచలు బందుంటే ఎన్ని రోజులొస్తది మరి?"

"నెలన్నర, రెండు నెలలైనా వస్తది కాకా."

"బందుంటే ఇగ చూసేటిదేముంటదిరా!"